ఆఫీసులో పెద్ద ఫైళ్లు: పద్ధతిని ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

పెద్ద ఫైళ్ల ఇబ్బంది ఆఫీసులో మొదట బయటపడేది ఈమెయిల్ దగ్గరే. డిజైన్ పూర్తయి, క్లయింటు ఎదురుచూస్తున్న సమయంలో ఫైలును అటాచ్ చేయబోతే పరిమితి మించిందన్న సందేశం వస్తుంది. జీమెయిల్‌లో ఆ పరిమితి 25 ఎంబీ; చాలా సంస్థల సొంత మెయిల్ సర్వర్లలో అంతకన్నా తక్కువే ఉంటుంది. పైగా కాగితం మీద కనిపించే ఆ పరిమితి కూడా పూర్తిగా చేతికి రాదు. ఈమెయిల్ వ్యవస్థ మొదట అక్షరాలను మోయడానికే రూపొందింది కాబట్టి, అటాచ్‌మెంట్‌లోని ప్రతి 3 బైట్లనూ బేస్64 పద్ధతిలో 4 అక్షరాలుగా మార్చి పంపుతుంది. 20 ఎంబీ ఫైలు ఆ విధంగా దారిలో 27 ఎంబీ దాకా ఉబ్బుతుంది. పంపే సర్వర్ దాన్ని అంగీకరించినా, అందుకునే సర్వర్ అంగీకరించకపోతే మెయిల్ వెనక్కి వస్తుంది, అదీ కొన్నిసార్లు ఆలస్యంగా.

సరిగ్గా ఆ ఘడియలో ఉద్యోగి చేతికి అందిన మార్గం పట్టుకుంటారు. సొంత గూగుల్ డ్రైవ్ ఖాతా, వాట్సాప్, ఏదో ఉచిత వెబ్‌సైట్, జేబులోని పెన్‌డ్రైవ్: ఏది ముందు పనిచేస్తే అదే ఆ ఆఫీసు పద్ధతిగా స్థిరపడిపోతుంది. ఎవరూ ఆలోచించి తీసుకోని ఈ నిర్ణయమే తరువాత వచ్చే చిక్కుల్లో అత్యధిక భాగానికి మూలం. అందుకే ఎంపిక ఒత్తిడి లేని రోజున, ముందుగానే జరగాలి. ఆ ఎంపికలో మొదటి ప్రశ్న ఫైలు ఎంత పెద్దది అన్నది కూడా కాదు. ఆ ఫైలు ఒక్కసారి చేతులు మారి పని ముగుస్తుందా, లేక పలువురి మధ్య ఉండి రోజూ మారుతూ ఉంటుందా అన్నది ముందు తేలాలి. ఈ రెండు అవసరాలకూ కావలసిన ఏర్పాట్లు వేరు. ఒకదానికి ఉద్దేశించిన సాధనాన్ని రెండోదానికి వాడటంతోనే గందరగోళం మొదలవుతుంది.

ఒక్కసారి అప్పగించే ఫైళ్ల సంగతి తేలికైనది. ముద్రణకు వెళ్లే తుది ప్రతి, ప్రసారానికి సిద్ధమైన వీడియో, సంతకాలు పూర్తయిన ఒప్పందం వంటివి ఆ క్షణంలో ఉన్న రూపంలోనే అవతలివారికి చేరాలి. ఆ తరువాత ఇవతల ఎవరేం మార్చినా ఆ ప్రతి మారకూడదు. వీట్రాన్స్‌ఫర్ వంటి సేవలు ఈ అవసరానికే పుట్టాయి. ఫైలును అప్‌లోడ్ చేస్తే ఒక లింక్ వస్తుంది, అవతలివారు డౌన్‌లోడ్ చేసుకుంటారు, గడువు ముగిశాక ఫైలు సర్వర్ నుంచి తొలగిపోతుంది. ఆ గడువును చాలామంది ఉచిత సేవకు ఉన్న లోపంగా భావిస్తారు గానీ, అప్పగింత ఫైలుకు అదే పెద్ద రక్షణ. అయితే ఉచిత సేవ రేపు కూడా ఉంటుందన్న హామీ ఏమీ లేదు. మొజిల్లా సంస్థ 2019 మార్చిలో ఫైర్‌ఫాక్స్ సెండ్ పేరుతో పంపేవారూ అందుకునేవారూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ గల మంచి సేవను ఆరంభించింది. హానికర సాఫ్ట్‌వేర్‌ను పంచేవారు దాన్ని దుర్వినియోగం చేయడంతో 2020 జులైలో దాన్ని నిలిపివేసి, అదే ఏడాది సెప్టెంబరులో శాశ్వతంగా మూసివేసింది. రోజువారీ పని ఇటువంటి సేవ మీదే ఆధారపడి ఉంటే, అది ఆగిన రోజున పనీ ఆగుతుంది.

రెండో రకం, అంటే కలిసి పనిచేసే ఫైళ్లు, నిజంగా శ్రద్ధ పెట్టవలసినవి. డ్రాప్‌బాక్స్ 2008లో, గూగుల్ డ్రైవ్ 2012లో జనంలోకి వచ్చాక ‘షేర్డ్ ఫోల్డర్’ అన్నది ఆఫీసుల్లో మామూలు మాట అయింది. అందరూ చూసేది ఒకే ప్రతి. పాత రూపాలు కొంతకాలం భద్రంగా ఉంటాయి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అంటూ పేర్లు పెట్టుకుంటూ పోవలసిన అవసరం తప్పుతుంది. పెద్ద ఫైళ్ల విషయంలో ఈ సేవల అసలు బలం మరొకచోట ఉంది. డ్రాప్‌బాక్స్ ప్రతి ఫైలునూ 4 ఎంబీ ముక్కలుగా చూస్తుంది. 2 జీబీ ఫైలులో ఒక మూల చిన్న మార్పు జరిగితే మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం కూడా ఇలా తేడాను మాత్రమే పంపే సూత్రం మీదే పనిచేస్తుంది, నేటికీ సర్వర్ల మధ్య విరివిగా వాడుకలో ఉంది. ఈ సౌకర్యం అన్ని సేవల్లోనూ ఒకే విధంగా ఉండదు కనుక, రోజూ మారే భారీ ఫైళ్లున్న ఆఫీసు సేవను ఎంచుకునే ముందు ఈ ఒక్క విషయం తప్పక విచారించాలి. జిప్ చేసిన ఫైళ్లకూ, పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లకూ ఈ లాభం సరిగా దక్కదు. లోపల ఒక్క అక్షరం మారినా బయటి రూపంలో చాలా భాగం మారిపోతుంది కాబట్టి మళ్లీ దాదాపు మొత్తం అప్‌లోడ్ కావలసిందే.

షేర్డ్ ఫోల్డర్ల గురించి రెండు అపోహలు బలంగా ఉన్నాయి. మొదటిది, ఒకే ఫైలును ఇద్దరూ ఒకేసారి మార్చవచ్చన్నది. వర్డ్ పత్రాలకూ స్ప్రెడ్‌షీట్లకూ ఇది చాలావరకు నిజమే. ఫొటోషాప్ ఫైలు, కంప్యూటర్‌లో గీసే ఇంజినీరింగ్ (క్యాడ్) డ్రాయింగ్, వీడియో ప్రాజెక్టు వంటి వాటికి మాత్రం మామూలు షేర్డ్ ఫోల్డర్‌లో ఇది కుదరదు. ఇద్దరు విడివిడిగా తెరిచి సేవ్ చేస్తే సేవ ఆ మార్పులను కలపలేదు. రెండో ప్రతిని పక్కన వేరే పేరుతో ఉంచి ఊరుకుంటుంది, లేదా ఒకరి పని మీద మరొకరి పని పడిపోతుంది. ఇలాంటి పనులున్నచోట ఒకరు తెరిచినప్పుడు మిగతావారికి తాళం పడే ఏర్పాటు ఉన్న సాధనమే తీసుకోవాలి. రెండో అపోహ, ఫోల్డర్ అందరి కంప్యూటర్లలోనూ దానంతట అదే ఒకేలా మారుతోంది, అంటే సింక్ అవుతోంది కాబట్టి అది బ్యాకప్ అన్నది. ఒకరి కంప్యూటర్‌లో ఫోల్డర్ తొలగిపోతే ఆ తొలగింపు కూడా అందరికీ సింక్ అవుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఒక యంత్రంలో ఫైళ్లను పాడుచేస్తే ఆ పాడైన ప్రతులే అంత నమ్మకంగానూ అన్నిచోట్లకూ చేరతాయి. పాత రూపాలను తిరిగి తెచ్చుకునే గడువు సేవను బట్టి, ప్లాన్‌ను బట్టి మారుతుంది. విడిగా బ్యాకప్ ఉండి తీరాలి.

అప్పగింతైనా ఉమ్మడి పనైనా, పంపినవారికి తెలియకుండానే అవతలివారిని ఇబ్బంది పెట్టే విషయం ఒకటి ఉంది. ఒక భవనం డ్రాయింగ్‌ను ఆటోక్యాడ్‌లో తెరిస్తే తెర మీద ఒకే ఫైలు కనిపిస్తుంది. నిజానికి అందులో స్తంభాల నమూనా ఒక ఫైలులో, విద్యుత్ తీగల అమరిక మరో ఫైలులో ఉండి, ప్రధాన ఫైలు వాటిని బయటి నుంచి ‘ఎక్స్‌రెఫ్’గా పిలుస్తూ ఉండవచ్చు. ప్రధాన ఫైలును మాత్రమే లింక్ చేసి పంపితే, అవతల తెరిచిన ఇంజినీరుకు గోడలు కనిపిస్తాయి, స్తంభాలు ఉండవలసిన చోట ఫైలు దొరకలేదన్న మాటా దాని పాత చిరునామా కనిపిస్తాయి. ఇన్‌డిజైన్ పుటల్లోని ఫొటోలకూ ఫాంట్లకూ, వీడియో ఎడిటింగ్ ప్రాజెక్టుల్లోని దృశ్యాలకూ ఇదే పరిస్థితి. ఆటోక్యాడ్‌లో ‘ఈట్రాన్స్‌మిట్’, ఇన్‌డిజైన్‌లో ‘ప్యాకేజ్’ అనే ఆదేశాలు సంబంధిత ఫైళ్లన్నిటినీ ఒకచోటికి చేర్చడానికే ఉన్నాయి. ఇటువంటి పనులు జరిగే ఆఫీసులో పంపే పద్ధతి అంటే ఈ మెట్టుతో మొదలుకావాలి. ఎంత వేగమైన సేవ కొన్నా, సగం ఫైళ్లు ఇవతలే ఉండిపోతే ప్రయోజనం లేదు.

ఇక పరిమాణం, వేగం. ఇక్కడ అంచనాలు తరచుగా తప్పుతాయి. కారణం ఏమంటే ఫైళ్లను బైట్లలో, ఇంటర్నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు. ఒక బైటుకు 8 బిట్లు. 60 జీబీ వీడియో సామగ్రి అంటే 480 గిగాబిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద అది 4,800 సెకన్లు, అంటే 80 నిమిషాలు పడుతుంది. కానీ చాలా కనెక్షన్లలో డౌన్‌లోడ్ వేగం కన్నా అప్‌లోడ్ వేగం బాగా తక్కువ. అప్‌లోడ్ 20 మెగాబిట్లే అయితే అదే పనికి 6 గంటల 40 నిమిషాలు, అదీ లైనును మరెవరూ వాడకుండా ఉంటే. కనుక కనెక్షన్ ప్రకటనలో కనిపించే పెద్ద అంకెను కాక, అప్‌లోడ్ వేగాన్ని కొలిచి లెక్కవేసుకోవాలి. ఇంత సమయం పట్టే బదిలీలో లైను ఒక్కసారైనా తెగడం మామూలే కాబట్టి, ఆగినచోటి నుంచి తిరిగి కొనసాగించగల సాధనం కావాలి. బ్రౌజర్ కిటికీ ద్వారా పంపే కొన్ని సేవల్లో ట్యాబ్ మూసుకుపోతే మొదటి నుంచి ఆరంభించవలసి వస్తుంది. కంప్యూటర్‌లో విడిగా నడిచే యాప్‌లు ఈ విషయంలో సాధారణంగా మెరుగు.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు బదిలీల్లో పంపిన భాగం అందిందని అవతలి నుంచి జవాబు వచ్చేదాకా పంపేవైపు ఒక హద్దు మేరకే ముందుకు సాగుతుంది. ఆ హద్దు 64 కేబీగా ఉండి, జవాబు రావడానికి 200 మిల్లీసెకన్లు పడితే, లైను ఎంత వెడల్పైనదైనా వేగం సెకనుకు సుమారు 2.6 మెగాబిట్లు దాటదు. ఈ హద్దును పెంచే మార్గాన్ని 1992లోనే ప్రమాణంగా ప్రచురించారు, నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ దాన్ని వాడుతున్నాయి. అయినా ఖండాలు దాటే లైన్లలో మధ్యలో కొంత డేటా జారిపోతే వేగం మళ్లీ కుంగుతుంది. ఈ అవరోధాన్ని దాటడానికే, ఇప్పుడు ఐబీఎం చేతిలో ఉన్న అస్పెరా వంటి ప్రత్యేక సాధనాలు వచ్చాయి. సినిమా, టీవీ, జన్యుపరిశోధన రంగాల్లో వాటి అవసరం నిజమైనది. నెలకు ఒకటి రెండుసార్లు కొన్ని జీబీలు పంపే ఆఫీసుకు మాత్రం ఆ ఖర్చు దండగే.

ఒకే భవనంలో ఉన్నవారి మధ్య పెద్ద ఫైలును క్లౌడ్‌కు ఎక్కించి మళ్లీ దింపుకోవడం కూడా అనవసరపు శ్రమే. లోపలి నెట్‌వర్క్ మీద ఒక ఫైల్ సర్వర్ ఉంటే గిగాబిట్ లైనులో ఆ 60 జీబీ పది నిమిషాలకు కాస్త అటూ ఇటూగా చేరిపోతుంది. దీనికి ఒకే షరతు: ఆ సర్వర్ ఫైల్ షేరింగ్ తలుపును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకూడదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా పాకింది విండోస్ ఫైల్ షేరింగ్ పాత రూపమైన ఎస్‌ఎంబీ 1లోని లోపం గుండానే. ఇంటి నుంచి పనిచేసేవారు ఆఫీసు నెట్‌వర్క్‌కు రక్షిత దారి అయిన వీపీఎన్ ద్వారానే లోపలికి రావాలి.

టెరాబైట్ల స్థాయికి వెళ్తే హార్డ్ డిస్కును చేతికి అందించడమే ఇప్పటికీ వేగవంతమైన మార్గం కావచ్చు. 10 టీబీని 100 మెగాబిట్ల లైను మీద పంపాలంటే 9 రోజులకు పైగా పడుతుంది. అమెజాన్ వంటి క్లౌడ్ సంస్థే 2015లో స్నోబాల్ పేరుతో, కస్టమర్ల దగ్గరికి డిస్కులు నిండిన పెట్టెను పంపించే సేవను ప్రవేశపెట్టిందంటే ఈ లెక్క ఎంత గట్టిదో తెలుస్తుంది. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్‌ను వేరే దారిన పంపాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయిన డిస్కులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు కూడా పట్టదు. విండోస్, మ్యాక్ రెండిటిలోనూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ మేలు.

జిప్ చేస్తే తగ్గుతుంది కదా అన్న ఆలోచన వీడియోలకూ జేపెగ్ ఫొటోలకూ వర్తించదు. అవి అప్పటికే కుదించినవి. లాగ్‌లు, డేటా పట్టికలు మాత్రం బాగా తగ్గుతాయి.

భద్రత గురించి చెప్పుకోవలసింది చాలా ఉన్నా, ప్రమాదం ఎక్కువగా ఒక చిన్న పెట్టెలోనే ఉంటుంది. ఫైలు మీద ‘షేర్’ నొక్కగానే తెరుచుకునే పెట్టెలో రెండు దారులుంటాయి: పేర్కొన్న వ్యక్తులకే అనుమతి, లేదా లింక్ ఉన్న ఎవరికైనా అనుమతి. మొదటి దారిలో ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చాలి, అవతలివారు లాగిన్ కావాలి, ఒకరికి కుదరకపోతే ఫోన్ వస్తుంది. రెండో దారిలో ఒక్క క్లిక్ చాలు. తొందరలో ఉన్న మనిషి దేన్ని ఎంచుకుంటారో చెప్పనక్కరలేదు. అలాంటి లింక్ తాళంచెవి లాంటిది. ఎవరి చేతిలో పడితే వారికి తలుపు తెరుచుకుంటుంది, తెరిచింది ఎవరో పేరుతో సహా తెలియదు. మెయిల్‌లో పంపిన లింక్ మరో మెయిల్‌లోకి, అక్కడి నుంచి చాట్ గ్రూపులోకి వెళ్తుంది. పని ముగిసిన ఏడాదికి కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని మూయడం ఎవరి బాధ్యతా కాదు. ఉద్యోగులకు జాగ్రత్తలు చెప్పి ఊరుకోవడం కన్నా, అడ్మిన్ స్థాయిలోనే బయటి లింక్‌లకు గడువు తప్పనిసరి చేయడం, మొదటి దారే ముందుగా ఎంపికై ఉండేలా అమర్చడం ఎంతో ఫలితమిస్తాయి. ఈ అమరికలకు అవకాశం లేని సేవ ఎంత చవకైనా ఆఫీసు పనికి తగదు.

పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌ను నమ్ముకునేవారు గమనించవలసింది ఒకటుంది. జిప్‌లోని పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి బలహీనమైనది, ఏఈఎస్-256 అనే బలమైన పద్ధతిని ఎంచుకోవాలి. అప్పుడు కూడా మామూలు జిప్‌లో లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. పేర్లే రహస్యమైన సందర్భంలో, వాటిని కూడా దాచగల 7జెడ్ రూపం పనికొస్తుంది. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయడం వల్ల ఈ శ్రమంతా వృథా అవుతుంది.

ఫైళ్లను పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ ఇంకా కొన్ని సంస్థల్లో నడుస్తోంది. 1971లో రూపుదిద్దుకున్న ఆ పద్ధతిలో పాస్‌వర్డ్ కూడా ఉన్నది ఉన్నట్టుగానే లైను మీద ప్రయాణిస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో దాన్ని పూర్తిగా తొలగించాయి. దాని స్థానంలో ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్ట్ అయిన మార్గం మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీని వాడాలి; ప్రతి రాత్రీ ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు మనిషి ప్రమేయం లేకుండా ఫైళ్లు వెళ్లవలసిన చోట అది నేటికీ చక్కని మార్గం.

సొంత సర్వర్ పెట్టుకుంటేనో, ‘సురక్షిత బదిలీ’ అని అమ్మే ఉత్పత్తి కొంటేనో నిశ్చింత అనుకోవడానికి లేదు. 2020 డిసెంబరులో దాడికి గురైన అక్సెలియన్ ఎఫ్‌టీఏ పెద్ద ఫైళ్లను భద్రంగా పంపడానికే తయారైన ఉత్పత్తి; అప్పటికి దాని వయసు దాదాపు 20 ఏళ్లు, వాడుక నుంచి తప్పించబోతున్న దశలో ఉంది. 2023 మేలో మూవ్‌ఇట్ ట్రాన్స్‌ఫర్ అనే ఫైల్ బదిలీ సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపాన్ని క్లాప్ అనే సైబర్ నేరగాళ్ల ముఠా వాడుకుని ప్రపంచవ్యాప్తంగా వేల సంస్థల డేటాను దోచుకుంది. ఈ రెండు ఘటనల్లోనూ దొంగలకు దొరికింది ఆ సర్వర్ల మీద నిలువ ఉన్న ఫైళ్లే. చేరవలసినవారికి చేరిపోయాక కూడా బదిలీ సర్వర్ మీదే ఉండిపోయిన ప్రతి ఫైలూ అటువంటి దాడిలో అదనపు నష్టమే. అందువల్ల ఏ సాధనమైనా సరే, నిర్ణీత రోజుల తరువాత ఫైళ్లను దానంతట అదే తొలగించే అమరిక ఉందా, దాన్ని నిజంగా ఆన్ చేశారా అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్నల్లో ఒకటి. సొంత సర్వర్ అయితే అప్‌డేట్లు పెట్టే మనిషి ఎవరో పేరుతో సహా తేలి ఉండాలి.

ఫైళ్ల మీద యాజమాన్య హక్కు ఎవరిదన్న సంగతి ఎవరో ఒకరు ఉద్యోగం మానేసిన రోజున గాని గుర్తుకురాదు. ఉద్యోగి ఖాతా కింద ఉన్న ఫోల్డర్ ఎంతమందితో పంచుకున్నదైనా ఆ ఖాతాకే చెందుతుంది. ఖాతాను తొలగించే ముందు ఆ హక్కును మరొకరికి మార్చకపోతే ఏళ్ల పని దానితోపాటు పోవచ్చు. వ్యక్తిగత ఖాతా అయితే సంస్థకు దాని మీద అధికారమే ఉండదు. గూగుల్‌లోని ‘షేర్డ్ డ్రైవ్’, మైక్రోసాఫ్ట్‌లోని షేర్‌పాయింట్ లైబ్రరీ వంటివాటిలో ఫైళ్లు వ్యక్తులవి కాక బృందానివిగా ఉంటాయి. ఉమ్మడి పని ఫైళ్లు మొదటి రోజు నుంచీ అక్కడే ఉండాలి. వాట్సాప్ 2022 నుంచి 2 జీబీ దాకా పత్రాలను అనుమతిస్తున్నా, ఆఫీసు ఫైళ్లకు అది తగకపోవడానికి ముఖ్య కారణం ఇదే: ప్రతులు ఉద్యోగుల సొంత ఫోన్లలో చెదిరి ఉంటాయి, వాటిని వెనక్కి తెచ్చుకునే మార్గం సంస్థకు ఉండదు.

ఇవన్నీ చూసుకున్నాక మధ్యస్థాయి ఆఫీసుల్లో చాలావాటికి రెండే ఏర్పాట్లు సరిపోతాయి. సంస్థ ఖాతాల కింద ఒక ఉమ్మడి నిల్వ. బయటివారికి అప్పగించడానికి అదే సేవలోని గడువు గల లింక్. బయటివారి నుంచి పెద్ద ఫైళ్లు తెప్పించుకోవడానికి డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్‌లలో ఉన్న ‘ఫైల్ రిక్వెస్ట్’ సౌకర్యం ఎంతో ఉపయోగకరం. పంపేవారు తమ ఫైలు వేయగలరు, ఫోల్డర్‌లోని మిగతావి చూడలేరు. దీని గురించి తెలియక మొత్తం ఫోల్డర్‌కే అనుమతి ఇచ్చేసే ఆఫీసులు ఎన్నో. మూడో సాధనం కొనాలంటే దానికి పేరు పెట్టి చెప్పగల అవసరం ఉండాలి: ఖండాంతర వీడియో, టెరాబైట్ల డేటా, సర్వర్ల మధ్య నిత్య బదిలీ వంటిది. సాధనాలు పెరిగేకొద్దీ ఏ ఫైలు ఎక్కడుందో వెతకడానికే సమయం పోతుంది.

ఒప్పందం కుదుర్చుకునే ముందు జరగవలసిన పరీక్ష ఒకటి మిగిలింది. నమూనా ఫైలుతో కాకుండా, గత కొన్ని నెలల్లో పంపిన వాటిలో అన్నిటికన్నా పెద్ద ఫైలుతో, అన్నిటికన్నా ఇబ్బందికర పరిస్థితిలో ఉన్న గ్రహీతతో దాన్ని చేయాలి. అవతలి సంస్థ ఫైర్‌వాల్ ఆ సేవనే అడ్డుకుంటోందా, కొత్త ఖాతా తెరవమని అడుగుతోందా, లైను తెగితే ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైందా అన్నవి అక్కడే తేలతాయి. ఫైలు చేరాక రెండు వైపులా దాని వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువను లెక్కించి చూడాలి. అక్షరాలూ అంకెలూ కలిపి 64 ఉండే ఆ వరుస రెండుచోట్లా ఒకటే అయితే ఒక్క బిట్ కూడా మారకుండా అందినట్టే. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలోనూ దీనికి కావలసిన ఆదేశం ముందే ఉంటుంది.